రెండో దారిలో డోలక్

మా అన్న ఈ సంగతి ఎవరికి చెప్పినా ఎనభై ఏడులో జరిగిందని మొదలుపెడతాడు. తప్పు. ఎనభై తొమ్మిది. ఎనభై ఏడులో మా ఇంట్లో ఒక హార్మోనియం, ఒక జపాన్ కీబోర్డు తప్ప ఏమీ లేవు. మిడి అన్న మాట ఆదోనిలో మేమెవరం విని ఉండలేదు. అన్న చెప్పే కథలో ఇంకా తప్పులున్నాయి. పెట్టె పేలిందంటాడు, పేలలేదు. జనం రాళ్లు విసిరారంటాడు, విసరలేదు, నవ్వారు. లెక్కల టీచరు ఉద్యోగం నుంచి రిటైరై చాలా ఏళ్లయినా తప్పు వినపడితే నా చెయ్యి ఎర్ర పెన్ను కోసం వెతుక్కుంటుంది. అందుకే నేనే రాస్తున్నాను.

అన్నది చిన్న ఆర్కెస్ట్రా పార్టీ. పెండ్లిళ్లు, వినాయకుని పందిళ్లు, దర్గా ఉరుసులు, ఎవరు పిలిస్తే వాళ్లకు. అన్న కీబోర్డు, వదిన పాట, ఎమ్మిగనూరు నుంచి ఒక నేతగాళ్ల ఇంటి మనిషి బ్యాంజో, మా వీధి చివర ఉండే చాచా డోలక్. నేను పాడను, వాయించను. ఏ పాట తరువాత ఏ పాట, ఏది ఎంతసేపు, వదిన ఎప్పుడు మంచినీళ్లు తాగాలి, అవి నా పని. పార్టీలో అందరూ నన్ను టీచరమ్మ అనేవాళ్లు. చాచా ఆ మాటను కొంచెం సాగదీసి అనేవాడు.

చాచా పత్తి సీజనులో, పత్తిని బేళ్లుగా నొక్కే ప్రెస్సులో పని చేసేవాడు, సాయంత్రాలు మాతో. ఆ ఏడు ఎండాకాలంలో పత్తి బేళ్ల మీద నుంచి జారిపడి కుడి మణికట్టు విరిగింది. నాటు కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. డోలక్ ముందు కూర్చుని ఒక దెబ్బ కొడితే గుండ్రంగా, పాత దెబ్బలాగే పలికేది. రెండోదీ పలికేది. వడి పెంచితే మాత్రం మణికట్టు తిరగదు, చెయ్యి చెక్కలా ఆగిపోతుంది. డోలక్ వాయించేవాడికి ఒక దెబ్బ ఎందుకు?

అన్నకు చాచా అంటే ప్రాణం. కాని పార్టీ అన్నకు బతుకు. బళ్ళారిలో ఎలక్ట్రిక్ ప్యాడ్లు వాయించే కుర్రవాడొకడు ఉన్నాడని విని, నెమ్మదిగా కబురు పంపించాడు. నెమ్మదిగా పంపిన కబురు ఆదోనిలో సాయంత్రానికి చాచా ఇంటికి చేరింది. చాచా మరునాడు ప్రాక్టీసుకు వచ్చి డోలక్ తోలుకు లోపల పట్టించే మసాలా ముద్ద పూసి, గుడ్డ కప్పి, పక్కన కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే కువైటు నుంచి మా పిన్ని కొడుకు సెలవుకు వచ్చాడు. అక్కడ హోటల్లో వాయించే బ్యాండు వాళ్లు కొత్త సామాను కొని పాతది తీసేస్తే, అన్న కోసం రెండు పెట్టెలు తెచ్చాడు. ఒకటి కీలున్న పెద్ద పెట్టె, శాంప్లరు. మైకు పెట్టి ఏ శబ్దం వినిపిస్తే దాన్ని పట్టుకుని, కీ నొక్కినప్పుడల్లా పలుకుతుంది. దానికి ఒక ఫ్లాపీ ఉంది. పట్టిన శబ్దాలు దాని మీదే దాచుకోవాలి, ఆ పెట్టె నడిచే ప్రోగ్రాము కూడా అందులోనే ఉంటుంది కాబట్టి ముందు ఫ్లాపీ మింగించాలి, లేకపోతే పెట్టెకు తానెవరో తెలియదు. రెండోది కీలు లేని చిన్న పెట్టె, సీక్వెన్సరు. దానికి సొంత గొంతు లేదు. ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు అన్నది గుర్తు పెట్టుకుని, తీగ గుండా ఇంకో పెట్టెకు చెప్పి వాయించుకుంటుంది. పెట్టెలు తీగలో మాట్లాడుకునే ఆ భాష పేరే మిడి. కరెంటు పోతే దాని జ్ఞాపకం పలక తుడిచినట్టు పోతుంది. అందుకని దాని పాఠాన్ని మామూలు టేప్ రికార్డరు క్యాసెట్టులోకి ఎక్కించి దాచుకోవాలి.

ఇవన్నీ నాకు మాన్యువలు చదివితే తెలిశాయి. ఆ పుస్తకంలో ఇంగ్లీషు జపాను వాళ్లు రాసినది. నేను ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పేదాన్ని, అన్న మీటలు నొక్కేవాడు.

ఆలోచన అన్నదే, అది ఒప్పుకోవాలి. "చాచా ఒక దెబ్బ బాగా కొడతాడు కదమ్మే. ఒక్కొక్క దెబ్బే పట్టుకుంటే? వరసలో పెట్టే పని ఆ చిన్న పెట్టెది."

"పట్టుకుంటే చాచా పార్టీలో ఉన్నట్టేనా?" అన్నాను.

అన్న చిన్న పెట్టెను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "చవితికి ఎమ్మిగనూరు ప్రోగ్రాం ఉంది. అది పెట్టెతో నెగ్గితే బళ్ళారాయనతో పని లేదు. నెగ్గకపోతే నేను మాత్రం ఏం సేసేది, సెప్పు."

ఈ మాట చాచాకు నేనే చెప్పాను. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు. ఆయన విని, "అంటే టీచరమ్మా, నా నౌకరీ ఇప్పుడు ఒక డబ్బా చేతిలో ఉందన్న మాట" అన్నాడు. డబ్బాకు చేతులు లేవని నేను సరిదిద్దాను.

దెబ్బలు పట్టడానికి మా ఇంట్లో కుదరలేదు. వీధిలో ఎడ్లబండి పోయినా, పక్కింటి కుక్కర్ కూసినా పెట్టె వాటిని కూడా పట్టుకునేది. ప్రెస్సు పక్కనున్న గోదాములో పోయిన సీజను బేళ్లు కొన్ని మిగిలి ఉన్నాయని చాచాయే చెప్పాడు. పత్తి శబ్దాన్ని తాగేస్తుంది. బేళ్ల మధ్య కూర్చుని మాట్లాడితే మన మాట నోటి ముందే రాలిపోతుంది. తాను జారిపడ్డ చోటనే చాప పరుచుకుని కూర్చున్నాడు చాచా. డోలక్ ముందు మైకు పెట్టాం.

"ధా ఒక్కటి కొట్టి ఆగు చాచా," అన్నాడు అన్న.

చాచా కొట్టాడు. ఆగాడు. "ఇంకేమి?"

"ఇప్పుడు ధిన్. కొట్టి ఆగు."

"ఒక మెతుకు తిని చెయ్యి కడుక్కో, ఇంకో మెతుకు తిని చెయ్యి కడుక్కో అన్నట్టుంది కదప్పా!"

అయినా కొట్టాడు. ధా, ధిన్, నా, తా, గే, కత్. ఒక్కొక్కటి ఒక్కొక్క కీ మీదికి ఎక్కింది. అన్నీ అయ్యాయనుకుని అన్న ఊపిరి వదిలేలోపు పత్తి నూగు ముక్కులో పోయి చాచా తుమ్మాడు. గోదాము కప్పు లేచిపోయే తుమ్ము. మీట ఇంకా నొక్కి ఉంది, పెట్టె దాన్నీ పట్టుకుంది. తుడిచెయ్యమన్నాడు చాచా. మాన్యువలులో తుడిచే పేజీ తీశాను. సరిగా చెయ్యకపోతే అన్నీ తుడుచుకుపోతాయన్న హెచ్చరిక పెద్ద అక్షరాల్లో ఉంది. ఒక్క తుమ్ము కోసం ఆరు దెబ్బలను పణం పెట్టడం నాకు నచ్చలేదు. చివరి కీ మీద తుమ్మును ఉండనిచ్చాము.

తరువాత అన్న కీలు ఒక్కొక్కటి నొక్కి వినిపించాడు. చాచా తల వంచుకుని విన్నాడు. మొదటిసారి ఆయన ముఖంలో హాస్యం కనిపించలేదు. "దెబ్బ నాదే," అన్నాడు. మళ్లీ నొక్కమన్నాడు. అన్న నొక్కాడు. అన్నం క్యారియరు తెచ్చిన చాచీ గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది.

"ఇంట్లో ఒక మాట రెండోసారి అడిగితే కసురుతాడు ఈ మనిషి," అన్నది. "ఈ డబ్బా ఎన్నిసార్లు అడిగినా అంతే మర్యాదగా సెప్తాంది. నా నికా దీంతో సెయ్యాల్సింది."

"తుమ్ము గూడా ఉంది దాంట్లో," అన్నాడు చాచా. "నీకు అన్నీ అమరినాయి."

ఇక వరస ఎక్కించే పని. శాంప్లరు నుంచి సీక్వెన్సరుకు ఒక తీగ వేసి, కీలు నొక్కుతూ ఒక్కొక్క దెబ్బకు స్థానం ఇవ్వాలి. లెక్క గనుక అది నాకు ఇచ్చారు. ఆవర్తనాన్ని ఎనిమిది సమభాగాలు చేసి, వాటిని మళ్లీ సగాలు చేసి, చాచా నోటితో చెబుతుంటే ఎక్కించాను. ఒక్క చుక్క అటు ఇటు కాలేదు. ఆడించి వినిపించాను.

చాచా గడ్డం గోక్కున్నాడు. "స్కూలు బెల్లు కొట్టినట్టుంది టీచరమ్మా. పిల్లోళ్లు బయటికొస్తారు గాని పెండ్లికూతురు రాదు."

"ఎనిమిదిని సమంగా పంచితే ఇదే వస్తుంది," అన్నాను.

"సమంగా ఎవురు కొడతారు? నాల్గోది రవ్వంత పండుకుంటాది. ఐదోది వచ్చి దాన్ని లేపుతాది."

"ఎంత పండుకుంటుంది? చెప్పండి, ఎక్కిస్తాను."

"అది పాడే అమ్మను బట్టి ఉంటాది," అని వదిన వైపు చూపించాడు.

నాకు కోపం వచ్చింది. కొలత చెప్పకుండా తప్పు పట్టేవాళ్లను నేను బడిలో కూడా సహించలేదు. వరస నేను ఎక్కించినట్టే ఉండిపోయింది.

తరువాత మూడు పెట్టెలనూ కలపాలి. పాట కింద నడిచే బరువు స్వరాలు అన్న పాత కీబోర్డు పలకాలి, దెబ్బలు శాంప్లరు పలకాలి, ఇద్దరికీ సీక్వెన్సరు చెప్పాలి. తీగ మాత్రం ఒకటే. సీక్వెన్సరు నుంచి బయలుదేరి శాంప్లరులోకి పోతుంది. శాంప్లరుకు వెనక మూడు రంధ్రాలున్నాయి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి, మూడోది 'త్రూ' అని, విన్నది విన్నట్టు పక్కవాడికి దాటించడానికి. ఆ మూడో రంధ్రం నుంచి ఇంకో తీగ అన్న కీబోర్డుకు. అందరికీ ఒకే తీగలో మాట పోతుంది గనుక ఎవరి మాట ఎవరిదో తెలియడానికి పదహారు దారులు పెట్టారు. బడిలో హాజరు పిలిచినట్టే. నీ నంబరు పిలిస్తే పలుకు, లేకపోతే నోరు మూసుకో. కీబోర్డుకు ఒకటి, శాంప్లరుకు రెండు అని నేను నంబర్లు వేశాను.

మొదటిసారి ఆడించినప్పుడు వదిన పల్లవి ఎత్తుకుంది. బరువు స్వరం రావలసిన చోట ధా వచ్చింది, తరువాత కత్ వచ్చింది, స్వరం పైకి పోయిన చోట తుమ్ము వచ్చింది. మళ్లీ పైకి పోయింది, మళ్లీ తుమ్ము. వదిన పాట ఆపి నేల మీద కూర్చుని నవ్వింది. ప్రతి క్లాసులో ఒకడుంటాడు, ఎవరి పేరు పిలిచినా 'ప్రెజెంట్' అనేవాడు. శాంప్లరు అలా ఉంది. కొత్తగా తెరిచినప్పుడు అది అన్ని దారులూ తనవే అనుకుంటుందని, ఒక్కదానికే కట్టెయ్యాలంటే ఎక్కడ చెప్పాలో మాన్యువలు చివర్లో దొరికింది. రెండో నంబరుకు కట్టేశాము. దాంతో తుమ్ము ఆగింది, బరువు స్వరాలు కీబోర్డుకు పోయాయి, దెబ్బలు పెట్టెలో మిగిలాయి. నా లెక్క ప్రకారం అంతా సరిగ్గా ఉంది.

ఎమ్మిగనూరుకు బస్సులో పోయాం. శాంప్లరును బొంతలో చుట్టి చాచా ఒళ్లో పెట్టుకున్నాడు. కండక్టరు బొంతను వేలితో పొడిచి, "ఏముంది తాతా దీంట్లో?" అన్నాడు.

"నేనే," అన్నాడు చాచా. "టికెట్టు ఒగటే తీసుకున్యా, ఏమనుకోవద్దు."

నవ్వాడు గాని, ఆయన మనసు బాగోలేదని నాకు తెలుసు. బస్టాండులోనే అన్న ఆయనకు ఆ రోజు పని చెప్పాడు. స్టేజీ మీద డోలక్ పెట్టుకుని కూర్చోవాలి, పెట్టె వాయిస్తుంటే చెయ్యి ఆడించాలి. జనం డోలక్ వింటారు, కాబట్టి డోలక్ కనపడాలి. మైకు మాత్రం దాని ముందు ఉండదు.

"ఆడిస్తాలే," అన్నాడు చాచా. "తల గూడా ఆడించల్లా, చెయ్యొక్కటేనా?"

"తల నీ ఇష్టం చాచా," అన్నాడు అన్న, ఆయన కండ్లలోకి చూడకుండా.

పందిరి నేతగాళ్ల పేటలో. పండుగకు మగ్గాలు నిలిపేసి, మగవాళ్లు ముందు వరసల్లో, ఆడవాళ్లు అరుగుల మీద. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. నేను క్యాసెట్టు పెట్టి సీక్వెన్సరుకు పాఠం ఎక్కించాను. దానికి ఓపిక కావాలి. క్యాసెట్టు కీచుమంటూ తిరిగినంతసేపూ ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఎక్కింది. ఫ్లాపీ శాంప్లరుకు మింగించాను. అన్నీ సరి చూసుకుని, పాటల వరస వదినకు చెప్పడానికి పందిరి వెనక్కు పోయాను.

అంతలో బ్యాంజో తమ్ముడు వచ్చాడు. తమ్ముడంటే నన్ను అక్కా అంటాడు కాబట్టి. వాళ్ల ఇంట్లో తాత కాలం నుంచి మగ్గమే. స్టేజీ వెనక తీగలు చూడటం అతనికి అప్పజెప్పిన పని. చేతి పని అంత శుభ్రంగా చేసేవాడు పార్టీలో ఇంకొకడు లేడు. చూశాడు. సీక్వెన్సరు నుంచి తీగ బయలుదేరింది, శాంప్లరులోకి పోయింది, అక్కడి నుంచి కీబోర్డులోకి పోయింది, అక్కడితో ఆగిపోయింది. కీబోర్డుకు వెనక 'త్రూ' రంధ్రం ఖాళీ. సీక్వెన్సరుకు లోపలికి పోయే రంధ్రం ఖాళీ. వరస ఎక్కించేటప్పుడు వాడిన తీగ మిగిలి సంచిలో ఉంది. నేను మరిచిపోయి వదిలేశాననుకున్నాడు. కీబోర్డు త్రూ నుంచి తీగ తీసి సీక్వెన్సరులోకి కలిపాడు. చుట్టు పూర్తయింది. చేతులు దులుపుకుని బ్యాంజో శ్రుతి చేసుకోవడానికి పోయాడు.

వదిన నమస్కారం చెప్పింది. అన్న నాకు సైగ చేశాడు. నేను మీట నొక్కాను. సరిగ్గా అదే సమయానికి చాచా ఎడమ చెయ్యి ఎత్తి, నటన మొదలుపెడుతూ డోలక్ మీద మెత్తగా ఒక దెబ్బ వేశాడు.

ఆ దెబ్బకు పందిరి అదిరిపోయింది.

ధా ఒకసారి పలికి ఆగలేదు. ధధధధధధధ అని, ఊపిరి లేకుండా, ఇనుప పండ్లు కొట్టుకున్నట్టు, ఒకదాని మీద ఒకటి పడుతూ గర్జించింది. స్పీకరు బాక్సుల ముందు కూర్చున్న పిల్లలు చెవులు మూసుకున్నారు. దెబ్బ వేసి ఎత్తిన చెయ్యిని చాచా మళ్లీ దించలేదు. తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు, అటు వైపు, ఇటు వైపు.

ముందు వరసలో తలపాగా చుట్టుకున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఏమప్పా! చేనేతోళ్ల పందిట్లోకి పవర్లూము తెచ్చినారా?"

ఇక చూడాలి. ఆ శబ్దం అచ్చంగా అదే. మరమగ్గాల పేరు చెబితే పండ్లు కొరికే పేట అది, అయినా నవ్వు ఆపుకోలేకపోయారు. "గంటకెన్ని చీరలు దిగుతాయో అడగండన్నా!" అని ఒకడు. "అంచు బాలేదు, మళ్లీ నేయమను!" అని అరుగు మీద నుంచి ఒక ముసలమ్మ. అన్న బెదిరిపోయి, స్విచ్చి వెతికే ఓపిక లేక, మొత్తం ప్లగ్గు పీకేశాడు. పెట్టెలన్నీ ఒక్కసారిగా నోరు మూశాయి.

నేను వెనక్కు పోయి చూసి, మిగులు తీగ పట్టుకుని, "ఇది ఎవరు పెట్టారు?" అన్నాను.

"నేనే అక్కా. కొస ఏలాడుతా ఉంటే కలిపినా," అన్నాడు బ్యాంజో తమ్ముడు.

"వేలాడనియ్యాలి కదా!"

అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "మగ్గంలో పోగును మోసే నాడె ఆ కొసకు పోయిందంటే ఈ కొసకు రావల్ల కదక్కా. రాకపోతే అంచు యాడ కడుతుంది? గుడ్డ యాడ నిలుస్తుంది?"

నేత లెక్కలో అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. కాని సీక్వెన్సరుకు ఒక గుణం ఉంది, తన చెవిలో పడినదాన్ని మళ్లీ బయటికి చెబుతుంది. అది చెప్పిన ధా చుట్టు తిరిగి దాని చెవిలోకే వచ్చింది. ఎవరో కొత్తగా చెప్పారనుకుని అది మళ్లీ చెప్పింది. అదీ తిరిగి వచ్చింది. మగ్గానికి తిరిగి రాకపోతే గుడ్డ లేదు, దీనికి తిరిగి వస్తే పాట లేదు. ఇది అతనికి అక్కడ నిలబడి వివరించే తీరిక నాకు లేదు. మిగులు తీగ లాగేశాను.

"ఎంతసేపు?" అన్నాడు అన్న.

"ఫ్లాపీ తొందరగానే మింగుతుంది. సీక్వెన్సరు అంతా మరిచిపోయింది. క్యాసెట్టు మళ్లీ మొదటి నుంచి తిప్పాలి. టీ తాగి రావచ్చు."

ప్లగ్గు మళ్లీ పెట్టి, శాంప్లరుకు ఫ్లాపీ వేసి, క్యాసెట్టు తిప్పడం మొదలుపెట్టాను. జనంలో ఈలలు మొదలయ్యాయి. పెద్దాయన ఇంకా నిలబడే ఉన్నాడు. అన్న మెల్లగా, తనలో తాను అన్నట్టు, "బళ్ళారాయన్ని ఈడికే పిలుచుకు రావల్సింది" అన్నాడు. మెల్లగానే అన్నాడు గాని చాచా పక్కనే ఉన్నాడు.

చాచా డోలక్‌ను పక్కకు జరిపాడు. లేచి వచ్చి స్టాండు మీదున్న శాంప్లరు ముందు నిలబడ్డాడు. ఫ్లాపీ అప్పుడే ఎక్కింది. ఎడమచేతి వేలితో ఒక కీ నొక్కాడు. ధా. ఒక్కటే, గుండ్రంగా. తిరిగి రాలేదు. ఇంకో కీ. ధిన్. తరువాత కుడిచెయ్యి తెచ్చి కీల మీద పెట్టాడు. అప్పుడు గాని మాకెవరికీ తట్టలేదు. విరిగింది మణికట్టు, వేళ్లు కావు. డోలక్‌కు మణికట్టు తిరగాలి. ఈ పెట్టెకు వేలు వంగితే చాలు.

"కింద పెట్టప్పా దీన్ని," అన్నాడు అన్నతో.

"ఏమి?"

"కింద. నిలబడి వాయించేదానికి నేనేమన్నా బ్యాండుమేళమోన్నా?"

అన్న, బ్యాంజో తమ్ముడు కలిసి స్టాండు తీసేసి, బొంత మడతపెట్టి, దాని మీద శాంప్లరు దించారు. చాచా మఠం వేసి కూర్చున్నాడు. మొదట తడబడ్డాడు. ధా, తా, గే అని కీలు నేను వేసిన వరసలో ఉన్నాయి, ఆయన చేతులకు కావలసిన వరసలో లేవు. నా మీద ఒక చూపు విసిరి, "వంటింట్లో ఉప్పు మిద్దె మీద పెట్టినావు కదా టీచరమ్మా" అని, కుడి వేళ్లను ఎడమ వేళ్ల మీదుగా దాటించి మొదలుపెట్టాడు. వదిన అందుకుంది. రెండో ఆవర్తనానికి చేతులు దారి కనుక్కున్నాయి. మూడో ఆవర్తనంలో నాల్గో దెబ్బ రవ్వంత పండుకుంది, ఐదోది వచ్చి దాన్ని లేపింది. నేను కొలుద్దామని చూశాను. వదిన ఊపిరి తీసుకున్న చోట ఎక్కువ పండుకుంటోంది, తీసుకోని చోట తక్కువ. కొలత అందలేదు.

తలపాగా పెద్దాయన కూర్చున్నాడు. ఇది జరగలేదని అన్న అంటాడు. నేను చూశాను, కూర్చుని తొడ మీద తాళం వేశాడు.

మూడో పాట మధ్యలో క్యాసెట్టు తిరగడం ముగిసింది. సీక్వెన్సరు పాఠం మొత్తం అప్పజెప్పడానికి సిద్ధంగా ఉంది. ఈసారి తీగలు సరిగ్గా ఉన్నాయి. నేను అన్న వైపు చూశాను, మీట నొక్కాలా అని. అన్న చాచా వైపు చూశాడు. చాచా వాయించడం ఆపకుండానే మోచేతితో తీగను శాంప్లరు వెనక నుంచి లాగి, నా వైపు తోశాడు.

అలా ఆ రోజు నా వరస ఒక్క పాటకూ మోగలేదు. బరువు స్వరాలు అన్న సొంత చేత్తో వాయించుకున్నాడు. చివరి పాటలో ఒకచోట చాచా వేలు జారిందో, కావాలనే వేశాడో, తుమ్ము పడింది. జనం ఒన్స్ మోర్ అన్నారు. మళ్లీ వేశాడు కాబట్టి మొదటిది కూడా కావాలనే అని నా అనుమానం.

ఆదోని బస్సు కోసం బస్టాండులో కూర్చున్నప్పుడు అన్న వచ్చి చాచా పక్కన చేరాడు. "కోసిగిలో ప్రోగ్రాం ఒప్పుకున్నా చాచా," అన్నాడు.

"మంచిది. బళ్ళారాయన వస్తాండాడంట కదా?"

"లేదులే. వద్దని సెప్పి పంపిస్తా."

"ఎందుకప్పా వద్దనేది? పిలిచినావు. పిలిచినోన్ని వద్దనేది మనకు మర్యాద కాదు. రానీ." చాచా బొంతను ఒళ్లోకి సర్దుకున్నాడు. "కాని నేను కిందా, ఆయప్ప కుర్చీ మీదా అంటే కుదర్దు. రిథమోళ్లందరం ఒకే సాప మీద కూసోవల్ల. అది సెప్పు ముందే."

అన్న చెప్పాడు. ఆ కుర్రవాడు కోసిగికి వచ్చాడు, మంచివాడు, ప్యాడ్లు బాగా వాయిస్తాడు. చాప మీద చాచా పక్కన మఠం వేసుకుని కూర్చున్నాడు. జిల్లాలో ఎక్కడా అంతసేపు నేల మీద కూర్చుని ఎరగడట. ప్రోగ్రాం ముగిశాక లేవలేకపోతే చాచాయే రెండు చంకల కింద చేతులు పెట్టి లేపాడు, మోకాళ్లు తట్టాడు, టీ ఇప్పించి బళ్ళారి బస్సు ఎక్కించాడు. మళ్లీ రాలేదు. మేమూ పిలవలేదు. పార్టీ నడిచినన్నాళ్లూ చాచాయే రిథం.